నిప్పుల చుట్టూ నలుగురు

బీజింగ్‌లో చలి ముదిరిందంటే జనం కాళ్లు హాట్‌పాట్ హోటళ్ల వైపు నడుస్తాయి. వాటిలో డోంగ్‌లైషున్‌ది నూరేళ్లు దాటిన పేరు. మట్టి తోలుకుని బతికిన డింగ్ దెషాన్ అనే హుయ్ ముస్లిం 1903లో డోంగాన్ బజారులో చిన్న కొట్టు పెట్టాడు. 1912లో సైనికుల తిరుగుబాటు మంటల్లో బజారు కాలిపోతే, మళ్లీ నిలబెట్టాడు. గొర్రె మాంసం హాట్‌పాట్ ఆ తర్వాతే దాని గుర్తింపయింది.

అక్కడ వండేది వంటవాడు కాదు, తినేవాళ్లే. రాగి పాత్ర మధ్యలో పొగగొట్టం, అందులో కణకణలాడే బొగ్గు, గొట్టం చుట్టూ కోట కందకంలా నీళ్లు. ఆ నీళ్లలో అల్లం, ఉల్లికాడ, కాసిని ఎండు రొయ్యలు తప్ప మసాలా అన్నదే ఉండదు. చల్లటి మాంసం వేసినా తెర్లడం ఆగదు. మంట తగ్గించాలంటే గొట్టం మీద చిన్న మూత పెడతారు. చాప్‌స్టిక్స్‌తో ముక్కను పట్టుకుని నీళ్లలో రెండుసార్లు ఆడిస్తే ఎరుపు పోయి తెల్లబడుతుంది. వెంటనే తీసి నువ్వుల ముద్ద కలిపిన సాస్‌లో అద్దుకోవాలి. కాస్త ఆలస్యమైతే ముక్క గట్టిపడుతుంది.

ఉత్త నీళ్లలో ఏ లోపమూ దాగదు. అందుకే ఇక్కడ కత్తికి అంత విలువ. పళ్లెం మీది నీలి పూలు కనిపించేంత పల్చగా మాంసం కోయడం ఏళ్ల తరబడి చేయి తిరిగితేగానీ రాదు. ఈ కోతతో సహా డోంగ్‌లైషున్ గొర్రె మాంసం హాట్‌పాట్ తయారీ విద్యను చైనా ప్రభుత్వం 2008లో జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. మంచిదే. కానీ యంత్రం క్షణాల్లో కోసిపెడుతుంటే, కత్తి పట్టిన మనిషిని నిలబెట్టేది జాబితా కాదు, చేత్తో కోసిందే కావాలని అడిగే గిరాకీ. బొగ్గుదీ ఇదే కథ: దానికి గాలి ధారాళంగా ఆడే గది కావాలి, కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. కరెంటు పొయ్యికి ఆ బాధ లేదు. అయినా ఆ శ్రమ పడే హోటళ్లను మెచ్చుకోవాలి. మధ్యలో నిప్పులుంటే నలుగురూ దగ్గరగా జరుగుతారు, ఒకరు వేసిన ముక్కను ఇంకొకరు తీసి పెడతారు, తొందరపడి లేచేవారుండరు.

చదువుకో, వ్యాపారానికో బీజింగ్ వెళ్లే మనవాళ్లు చలికాలంలో ఒక్క పూట ఇలాంటి చోట కూర్చోండి. ఒంటరిగా వెళ్లకండి, తోటివారిని వెంటబెట్టుకోండి. చేత్తో కోసిన మాంసమే అడగండి. డోంగ్‌లైషున్‌లో వడ్డించేది హలాల్ మాంసమే.