ఇంట ఓడి రచ్చ గెలిచినవారు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక జవాబు పత్రాల కట్ట ముందు వేసుకుని కూర్చున్నాను. "ఇంట గెలిచి రచ్చ గెలువు" అన్న సామెతను వివరించమని ప్రశ్న ఇచ్చాను. నలభై మంది పిల్లలు రాశారు. నలభై జవాబులూ ఒక్క తీరుగానే ఉన్నాయి. ఏ గైడులోంచి వచ్చాయో ఆ గైడు రాసిన మహానుభావుడికే మార్కులు వేసేస్తే పోతుందేమో అనుకుంటూ ఎర్ర కలం మూత తీశాను. ఇంతలో మా అక్కయ్య కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది.

"ఒరే, నువ్వు తెలుగు పంతులువి కదా! ఇంట గెలవనివాడు రచ్చ గెలుస్తాడట్రా? వీడికి కాస్త నువ్వు చెప్పు" అన్నది గుమ్మంలోనే.

సంగతేమంటే, మా మేనల్లుడు క్రికెట్టు ఆడతాడు. బంతి బాగానే విసురుతాడు. జిల్లా జట్టుకు ఆడాడు. రాష్ట్ర జట్టు ఎంపికలకు మూడేళ్ళు వరసగా వెళ్ళి, మూడేళ్ళూ జాబితాలో పేరు వెతుక్కుని తిరిగి వచ్చాడు. ఇప్పుడు మస్కట్ లో ఒక కంపెనీ వాళ్ళు లెక్కల విభాగంలో ఉద్యోగం ఇస్తామన్నారట. సాయంకాలాలు కంపెనీ జట్టుకు ఆడాలట. వాడు వెళతానంటాడు. అక్కయ్య వద్దంటుంది. బావగారు యథాప్రకారం పేపరు చదువుకుంటున్నారు.

సామెత మీద తీర్పు చెప్పమంటే నాకు బేస్ బాల్ గుర్తుకు వచ్చింది. నవ్వకండి. కొన్నేళ్ళ క్రితం వేసవి సెలవులకు అమెరికాలో ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్ళి రెండు నెలలున్నాను. పగలంతా వాళ్ళు ఉద్యోగాలకు పోతే, ఇంట్లో నాకు తోడు టెలివిజనూ, అందులో బేస్ బాలూ. మొదటి వారం ఏమీ తెలియలేదు. రెండో వారానికి రుచి పట్టింది. ఆటకంటె ఆటగాళ్ళ కథలు ఎక్కువ రుచి పట్టాయి.

అక్కడి పెద్ద లీగులో ముప్ఫై జట్లు. జట్టుకు ఇరవై ఆరుగురు. ఆ పైమెట్టు కింద చిన్న లీగులు మెట్లు మెట్లుగా ఉంటాయి. వాటిలో అన్నిటికంటె పైదానిని 'ట్రిపుల్ ఎ' అంటారు. అక్కడ దంచి కొట్టి, పై మెట్టు ఎక్కగానే తడబడి, మళ్ళీ కిందికి దిగివచ్చే ఆటగాళ్ళు కొందరుంటారు. వాళ్ళకు అక్కడివారు 'నాలుగు ఎ'ల ఆటగాడని పేరు పెట్టారు. అటువంటి మెట్టు నిజానికి లేదు. మన భాషలో చెప్పాలంటే బి.ఏ.కి ఎక్కువ, ఎం.ఏ.కి తక్కువ.

ఈ రెండు మెట్ల మధ్య జీతాల తేడా వింటే కళ్ళు తిరుగుతాయి. 2023లో పెద్ద లీగు ఆటగాడికి ఏడాదికి కనీసం 7,20,000 డాలర్లు. ఒక్క మెట్టు కింద ఉన్నవాడికి కనీసం 35,800. అదైనా ఆటగాళ్ళు సంఘం పెట్టుకుని ఒప్పందం చేసుకున్నాక వచ్చిన మొత్తమే. అంతకుముందు అందులో సగం. పెళ్ళాం బిడ్డలున్న ముప్ఫై ఏళ్ళవాడు ఎన్నాళ్ళని ఆ మెట్టు మీద కూర్చుంటాడు? అటువంటివారికి జపానూ, కొరియా కబురు పెడతాయి. కొరియాలో కొత్తగా వచ్చే విదేశీయుడికి మొదటి ఏడాది పది లక్షల డాలర్ల వరకు ఇవ్వవచ్చునని 2019 నుంచి పరిమితి పెట్టుకున్నారు. అయితే జట్టుకు ఇంతమందే విదేశీయులు ఉండాలన్న లెక్క రెండుచోట్లా ఉంది. ఆ లెక్కలో చోటు దొరకాలి. దొరికినవాడు మరునాటి నుంచే పరుగులు తీసి చూపించాలి.

"ఇంతకీ గెలిచినవాడు ఒక్కడైనా ఉన్నాడా?" అన్నది అక్కయ్య.

ఉన్నాడు. టఫీ రోడ్స్ అని షికాగో కబ్స్ జట్టువాడు. 1994 ఏప్రిల్ 4న, సీజను మొదటి ఆటలోనే, డ్వైట్ గూడెన్ అనే పేరుమోసిన బౌలరు వేసిన బంతులను మూడుసార్లు హోం రన్ కొట్టాడు. హోం రన్ అంటే మన సిక్సరు వంటిదే. బంతి గోడ దాటి జనంలో పడుతుంది. మూడుసార్లు బ్యాటు పట్టి మూడుసార్లూ దాటించాడు. ఊరంతా జేజేలు పలికారు. ఆ సీజను మొత్తానికి మాత్రం ఎనిమిదే కొట్టాడు. అమెరికాలో వాడు కొట్టినవి అన్నీ కలిపి పదమూడు. 1996లో జపాను వెళ్ళి కింటెట్సు బఫలోస్ జట్టులో చేరాడు. అక్కడ ఎన్ని కొట్టాడనుకున్నారు? పదవీ విరమణ చేసేనాటికి 464!

మా మేనల్లుడు తల పైకెత్తాడు. వాడు ఉబ్బిపోకుండా తక్కిన కథ కూడా చెప్పవలసి వచ్చింది.

జపానులో సదహరు ఓ అనే ఆటగాడు 1964లో ఒక సీజనులో 55 హోం రన్లు కొట్టాడు. జపానువారికి ఆ అంకె దేవుడి పటం లాంటిది. 2001లో రోడ్స్ 55 దగ్గరికి వచ్చేశాడు. ఇంకొక్కటి కొడితే రికార్డు బద్దలు. అప్పుడు ఎదురైన జట్టుకు శిక్షకుడు ఎవరో తెలుసునా? స్వయంగా ఆ ఓ గారే. ఆయన బౌలర్లు రోడ్స్ కు బ్యాటు అందేంత దగ్గరలో బంతి వేయలేదు. మనవాళ్ళు వరసగా వైడ్లు వేసినట్టు పక్కకు పక్కకు విసిరి నడిపించేశారు. విదేశీయుడు ఆ రికార్డు దాటడం తనకు ఇష్టం లేదని ఆ జట్టు శిక్షకులలో ఒకరు బాహాటంగానే అన్నారు. రోడ్స్ 55 దగ్గరే ఆగిపోయాడు. చిత్రమేమంటే ఆ ఓ గారి తండ్రి చైనా దేశస్థుడు! చివరికి 2013లో ఆ అంకెను దాటి 60 కొట్టిన బాలెంటీన్ కూడా విదేశీయుడే. కరీబియన్ సముద్రంలో కురసావ్ అనే చిన్న దీవి నుంచి వచ్చినవాడు.

ర్యాండీ బాస్ కథ ఇంకొకటి. అమెరికాలో ఆరు సీజన్లు అయిదు జట్ల గుమ్మాలెక్కి తొమ్మిది హోం రన్లు కొట్టాడు. 1983లో జపానులో హాన్షిన్ టైగర్స్ జట్టుకు వెళ్ళాడు. 1985లో 54 కొట్టి ఆ జట్టును మొట్టమొదటిసారి దేశ విజేతను చేశాడు. ఒసాకాలో అభిమానులకు ఆనందం తలకెక్కింది. ఆటగాళ్ళను పోలినవారిని పిలిచి ఒక్కొక్కరినే దోతొంబోరి కాలువలోకి దూకించారు. బాస్ గడ్డం మనిషి. ఆ పోలిక జపానువారిలో ఎక్కడ దొరుకుతుంది? దగ్గరలో ఉన్న వేపుడు కోడి దుకాణం ముందు నిలబెట్టిన గడ్డం దొరగారి బొమ్మను పెరికి నీళ్ళలో పడేశారు. ఆ బొమ్మ 2009లో గాని పైకి రాలేదు. హాన్షిన్ మళ్ళీ దేశ విజేత అయింది 2023లో. బొమ్మ శాపమే తగిలిందని అక్కడివారు చెప్పుకున్నారు. శాపాలు మనకే కాదు, అందరికీ ఉన్నాయన్నమాట!

అంతటివాడికి జరిగిన మర్యాద వినండి. 1988లో బాస్ కొడుక్కి మెదడులో కంతి అని తేలింది. బిడ్డ దగ్గర ఉండడానికి బాస్ అమెరికా వెళ్ళాడు. సీజను నడుమ వెళ్ళాడని, వైద్యం ఖర్చులని తగాదా వచ్చి, జట్టువారు వాణ్ణి తొలగించారు. మూడేళ్ళ కిందట కాలువలో దూకి పండుగ చేసుకున్నది వాడికోసమే! తర్వాత బాస్ స్వరాష్ట్రమైన ఓక్లహోమాలో సెనేటరయ్యాడు. 2023లో జపానువారు తమ బేస్ బాల్ కీర్తిమందిరంలో వాడికి చోటిచ్చారు. ముప్ఫై అయిదేళ్ళు పట్టింది.

అక్కయ్య ఏమీ అనలేదు. వీధిలోకి చూస్తూ కూర్చున్నది.

"వెళ్ళినవాడు ఇక తిరిగి రాడా మామయ్యా?" అన్నాడు మేనల్లుడు. వాడి అసలు ప్రశ్న అదే కాబోలు.

వచ్చినవారున్నారు. సెసిల్ ఫీల్డర్ టొరంటోలో పక్కబల్ల మీద కూర్చుని విసిగి, 1989లో ఒక్క ఏడాది జపానులో ఆడి 38 కొట్టాడు. మరుసటి ఏడు డెట్రాయిట్ కు తిరిగి వచ్చి 51 కొట్టాడు. మెరిల్ కెల్లీ అనే బౌలరు పెద్ద లీగు గడప తొక్కకుండానే 2015లో కొరియా వెళ్ళాడు. నాలుగేళ్ళు అక్కడ ఆడాడు. ఒక్కచోట కుదురుగా, వారం వారం బంతి చేతికిచ్చి ఆడిస్తే పని నేర్చుకోవడం ఎవరికైనా సులువే. 2019లో అరిజోనా జట్టు పిలిచింది. అప్పటికి వాడికి ముప్ఫై ఏళ్ళు. 2023 వరల్డ్ సిరీస్ రెండో ఆటలో ఏడు ఇన్నింగ్సులు వేసి ఒక్క పరుగే ఇచ్చాడు. జట్టు గెలిచింది.

అయితే వీళ్ళందరూ పేరు దక్కినవారు. వెళ్ళి, నాలుగు నెలలు ఆడి, భాష రాక, తిండి పడక, పెట్టె సర్దుకుని తిరిగి వచ్చినవారి పేర్లు నాకు టెలివిజను వారు చెప్పలేదు. అటువంటివారే ఎక్కువగా ఉంటారని ఊహించడానికి ఎం.ఏ. చదవనక్కరలేదు.

కనుక నా తీర్పు ఇది. సామెత తప్పని నేననను. కాని మన భాషలో ఇంకో సామెత కూడా ఉన్నది: పెరటి చెట్టు మందుకు పనికిరాదు. మొదటి సామెత వెళ్ళేవాడు గుర్తుంచుకోవాలి, రెండోది ఇంట్లో ఉన్నవాళ్ళు గుర్తుంచుకోవాలి. మేనల్లుడితో మాత్రం ఇట్లా చెప్పాను: "అక్కడ నీకు చెయ్యి నొప్పి చేసి బంతి వేయలేకపోతే లెక్కల ఉద్యోగం ఉంటుందా, పోతుందా? ఎన్నేళ్ళకు ఒప్పందం? రాతపూర్వకంగా ఇస్తారా? ఇవి అడుగు. అడగడానికి మొహమాటపడితే మాత్రం ఇక్కడే ఉండు."

వాడు కాగితం తీసుకుని రాసుకున్నాడు. అప్పుడు అక్కయ్య మెల్లగా అన్నది:

"ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే సెలవిస్తారో లేదో, అది కూడా అడగమనరా."

వాడు అది కూడా రాసుకున్నాడు.

నిన్న జవాబు వచ్చిందట. ఉద్యోగం ఆటతో సంబంధం లేకుండా రెండేళ్ళు ఉంటుంది. సెలవు ఇస్తారు. రానుపోను ఛార్జీలు మాత్రం ఎవరివి వారే పెట్టుకోవాలి. టెలిఫోనులో ఈ సంగతి చెప్పి, కాసేపు ఊరుకుని, "ఛార్జీల సంగతి నేను చూసుకుంటాలే" అన్నది అక్కయ్య.

జవాబు పత్రాలు మాత్రం ఇంకా దిద్దవలసే ఉన్నాయి.