కారు ఎత్తు తగ్గించే ముందు వెనుక సీటు వైపు చూడండి

వైద్యుడికి కారు స్ప్రింగులతో ఏమి పని అని మీకు తోచవచ్చు. మూడేళ్ల క్రితం వరకు నాకూ అలాగే తోచేది.

మా అక్కయ్య మనవడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు కొని, అది నేలకు అంటుకున్నట్లు కనబడాలనే మోజుతో స్ప్రింగులు కోయించి ఎత్తు తగ్గించాడు. అమలాపురంలో పెళ్లికి రాజమహేంద్రవరం నుంచి అందరం అందులోనే బయలుదేరాము. రావులపాలెం దాటాక మలుపుల వద్ద కారు ఏమాత్రం ఒరగకుండా సాగుతుంటే, ముందు సీటులో ఉన్న నేను "బాగుందిరా" అని మెచ్చుకున్నాను కూడా. ఒక ఊరి మొదట్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్ వచ్చింది. వేగం పెద్దగా లేదు. అయినా దడాలున ఒక్క దెబ్బ. వెనుక సీటులోని డెబ్బై ఆరేళ్ల అక్కయ్య "అమ్మా" అని నడుము పట్టుకున్నది. మర్నాడు తీసిన ఎక్స్‌రేలో మొదటి కటి వెన్నుపూస ముందు భాగం నలిగి కనిపించింది. ఆమెకు ఎముకల పలుచదనం ఉందని తెలిసి కూడా వెనుక కూర్చోబెట్టిన వైద్యుణ్ని నేనే.

మనవడు కంపెనీ స్ప్రింగులు మళ్లీ కొని వేయించాడు. కాని మోజు పోలేదు. మొన్న ఫోను చేసి, "తాతయ్యా, ఈసారి కోయించను. ఎత్తు సవరించుకోగల కాయిలోవర్ సెట్టు వేయిస్తాను. మీరేమంటారు?" అని అడిగాడు. వాడికి చెప్పినదే మీకూ చెబుతున్నాను.

వెన్నుకు అసలు హాని కారు ఎత్తు తగ్గడం వల్ల కాదు, స్ప్రింగు కుంగడానికి చోటు తగ్గడం వల్ల. చక్రం పైకి లేచినప్పుడు స్ప్రింగు నొక్కుకొని, షాక్ అబ్జార్బర్ కడ్డీ లోనికి దిగి, దెబ్బను మెల్లగా మింగుతాయి. ఆ దారి చివర బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ ఉంటుంది. స్ప్రింగు కోసిన కారు ముందే కుంగి ఉంటుంది గనుక దిమ్మ త్వరగా తగులుతుంది. ఆపైన దెబ్బ సీటు గుండా నేరుగా వెన్నుకే. మన వెన్నుపూసల నడుమ ఉన్న డిస్కులూ ఇటువంటి మెత్తలే. వయసుతో వాటిలో నీరు తగ్గుతుంది. ఎముక పలుచబడినవారిలో పూసే నలుగుతుంది.

మరొక సంగతి. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకు 4 నుంచి 6 సార్లు వచ్చే నిలువు కుదుపుకు ఎక్కువగా స్పందిస్తుంది. సాధారణ కారు స్ప్రింగుల మీద సెకనుకు 1 నుంచి 1.5 సార్లు నెమ్మదిగా ఊగుతూ అటువంటి కుదుపులను చాలావరకు వడపోస్తుంది. స్ప్రింగు గట్టిపడిన కొద్దీ ఆ వడపోత తరుగుతుంది. ఇరవై ఐదేళ్ల కుర్రవాడికి అది హుషారుగా ఉంటుంది. డిస్కు నొప్పి ఉన్నవారికి ఉండదు.

అయినా కోసిన స్ప్రింగు కన్నా కాయిలోవర్ మేలే, సరైనది ఎంచుకుంటే. ఒక రకంలో మరలున్న గొట్టం మీద స్ప్రింగు కూర్చునే పళ్లేన్ని కిందికి దించుతారు. కారు దిగుతుంది, కుంగే చోటూ తరుగుతుంది. రెండవ రకంలో కింది బ్రాకెట్టును తిప్పి మొత్తం పొడవునే తగ్గిస్తారు. షాక్ అబ్జార్బర్ లోపలి చోటు చెడదు. ఖరీదు ఎక్కువ. దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. రంగు, బ్రాండు తరువాత. మన హ్యాచ్‌బ్యాకులు చాలావాటిలో వెనుక స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ వేరువేరుగా ఉంటాయి. కాబట్టి వెనుక ఎత్తును ఎలా సవరిస్తారో, కుంగడానికి ఎంత చోటు మిగులుతుందో విడిగా అడగండి. గట్టిదనం మార్చే నాబ్ ఉంటే కుటుంబంతో వెళ్లేటప్పుడు మెత్తన వైపే ఉంచండి. ఎత్తు మార్చిన ప్రతిసారీ వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

ఇక లెక్క చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన ఊళ్లలో ఆ వెడల్పు ఎక్కడ ఉంటుందో మీకు తెలిసినదే. హ్యాచ్‌బ్యాకుకు నేల నుంచి ఉండే ఖాళీ సుమారు 16, 17 సెంటీమీటర్లు. అందులో 4 తగ్గించి, ఐదుగురిని ఎక్కిస్తే ఏమి మిగులుతుంది? మోకాళ్ల నొప్పులున్నవారు, తుంటి మార్పిడి జరిగినవారు ఆ 4 సెంటీమీటర్లు దిగిన సీటు నుంచి లేవడానికి ఎంత అవస్థ పడతారో మా ఇంట్లో చూశాను.

చట్టమూ ఉంది. నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే స్పష్టం చేసింది. రవాణా కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ అడగకుండా పని మొదలుపెట్టవద్దు.

కారు కుదుపు తరువాత పెద్దవారికి, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలకు, ఉన్నట్టుండి నడుము నొప్పి వస్తే నూనె మర్దనతో సరిపెట్టకండి, ఎక్స్‌రే తీయించండి. అక్కయ్య విషయంలో ఆ ఒక్కటైనా సరిగా చేశాను.

మనవడు ఇంకా సెట్టు కొనలేదు. "నీ కారులో వెనుక కూర్చునేవాళ్ల పేర్లు, వయసులు ఒక కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లు" అన్నాను. అక్కయ్య మాత్రం ఇప్పుడు ఎవరి కారు ఎక్కినా ముందు సీటే అడుగుతోంది. నేను మారు మాట్లాడకుండా వెనుక కూర్చుంటున్నాను.