కాజీపేట ఆడుబిడ్డ వ్రాసిన కుటుంబకథ

మన కాజీపేటలో పుట్టి, వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో చదివిన గిడ్ల సుజాతగారు 2017వ సంవత్సరమున ఆంగ్లమున నొక గ్రంథమును ప్రకటించిరి. ఏనుగుల నడుమ చీమలని దాని పేరునకు అర్థము. అప్పటి కామె న్యూయార్కు నగరపు భూగర్భ రైళ్లలో కండక్టరు. అంటరానివారని ఊరికి వెలిగా నుంచబడిన యొక మాల క్రైస్తవ కుటుంబము తరతరములుగా పడిన పాట్లు అందు గలవు.

ఆ కథను ఆమె సమకూర్చిన తీరు నాకు మిక్కిలి నచ్చినది. తల్లి మంజులగారిని, మేనమామ సత్యమూర్తిగారిని అడిగి అడిగి, వారు చెప్పినదానిని ధ్వనిముద్రణము చేసి, దానినుండి కథ నల్లిరి. సత్యమూర్తిగారు శివసాగర్ అను పేర ప్రసిద్ధి కెక్కిన కవి. మన వరంగల్లులో ఉపాధ్యాయులుగా నుండి, పిమ్మట విప్లవోద్యమమున నాయకులై, 2012లో గతించిరి. అట్టి మేనమామను పొగడి ఊరకుండవచ్చును. ఆమె అట్లు చేయలేదు. లోకము కొరకు ఇల్లు విడిచిన మగవాని వెనుక ఆ యింటి ఆడువారెట్లు బ్రతికిరో, ఎం.ఏ. చదివి అధ్యాపకురాలైన తల్లి కాపురమందలి కష్టముల నోర్చి బిడ్డల నెట్లు పెంచెనో దాచక వ్రాసిరి. కావుననే చదువువారికి నమ్మకము కుదురును.

స్వదేశమున నున్నంతకాలము ఇవి సిగ్గుపడి దాచుకొనవలసిన సంగతులుగా నుండెననియు, అమెరికాకు పోయిన పిమ్మటనే ఇవి నలుగురికి చెప్పదగిన కథలని తెలిసెననియు ఆమె యనిరి. దెబ్బ తిన్నవారు సిగ్గుపడుటయు, కొట్టినవారు తలయెత్తుకొని తిరుగుటయు! ఎంత విపరీతము!

ఆ పుస్తకము వెలువడిన 2017లోనే, ఫిబ్రవరి 22వ తేదీన, అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున హైదరాబాదు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాసు, తమ దేశము విడిచి పొమ్మని యరచిన యొక శ్వేతజాతివాని తుపాకికి బలియయ్యెను. మనలో కన్నీరు పెట్టని యిల్లు లేదు. అతని భార్య దుమాల సునయనగారు దుఃఖమును దిగమ్రింగి, భర్తను గూర్చి సభలలో మాటలాడుచు, పరదేశమునుండి వచ్చినవారిని ఆదరింపుడని చెప్పుచు వచ్చిరి. ఆమె మాటలు విని మన మందరము తలయూపితిమి.

మరి 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేటిలో చంపబడిన ఆరుగురు మాదిగవారిని మన యిండ్లలో ఎందరు తలతురు? ముందునాడు వారి మంచినీటి చెరువును పశువుల కుడితితో మురికి చేయుచుండగా ఒక బాలుడు వలదనెను. అతనిని కొట్టబోయినవారి మీదికి, నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్తమ్మ చేతిలోని బిందెనే యెత్తెను. మరునాడు పెత్తందారులు గుంపుగా పేటపై పడి మగవారిని నరికిరి, స్త్రీలను చెరచిరి. మిగిలినవారు చీరాలకు పారిపోయి తలదాచుకొనిరి. కన్నులార చూచిన దుడ్డు అలిశమ్మ కూడ తరువాత హత్యకు గురియయ్యెను. ఆ వ్యాజ్యెము సుప్రీంకోర్టులో తేలుటకు 2008 వచ్చినది. గద్దరు కట్టిన పాట ఊరూర మ్రోగెను గాని, అది మన వాకిళ్లలోనికి వచ్చెనా? పరదేశమున పుట్టుకను చూచి చంపిన మనకు అన్యాయముగా తోచును. చెరువుగట్టున చంపిన ఊరి తగవుగా తోచును!

పిల్లల యెదుట ఈ నెత్తుటి కథ లేలయని పెద్దవారు అనవచ్చును. అభిమన్యుని చావు విననిది మన పిల్లలలో నెవరు? పురాణము చెప్పించుకొను అలవాటు మనకు క్రొత్తది గాదు. ఒకరు చదువగా పదుగురు వినుట పుస్తకము కొనలేనివారికిని, చదువురానివారికిని గూడ మేలు.

జూలై 17వ తేదీ సాయంకాలము మహిళామండలిలో గాని, ఇంటి వసారాలో గాని ఇరుగుపొరుగువారిని పిలిచి సుజాతగారి గ్రంథములోని యొక ప్రకరణమును వినిపింపుడు. ఆంగ్లము వచ్చిన కోడలో కూతురో తెలుగున చెప్పుచు పోవచ్చును. పిలిచినవారిలో పేటలోని స్త్రీలును ఉండవలెను. వారికి చెప్పవలసిన మాట యున్నచో పుస్తకము మూసి వినుడు. అమ్మమ్మ మొదలు తమ యింటి ఆడువారు నీళ్లు ఎక్కడినుండి తెచ్చుకొనిరో అడిగి, ఆమె పేరుతో సహా ఒక నోటుపుస్తకమున వ్రాసి యుంచుడు.