చక్రం ఏమంటోంది?

కారున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకనాడు ఈ సంభాషణ జరిగి తీరుతుంది. "బాబూ, ముందు చక్రం దగ్గర ఏదో చప్పుడవుతోంది" అంటారు వెనకసీట్లోంచి అత్తగారు. "రోడ్డు బాగాలేదండీ అత్తయ్యగారూ" అంటాడు అల్లుడుగారు. పదిరోజులు పోయాక, రోడ్డు నున్నగా వున్నచోట కూడా అదే చప్పుడు వినిపించేసరికి బండి షెడ్డుకు వెళుతుంది. అక్కడ మెకానిక్కు అడిగే మొదటి ప్రశ్నకే మన చదువులన్నీ తెల్లమొగం వేస్తాయి.

"చప్పుడు ఎలా వస్తోంది సార్?"

"అదేనయ్యా... అదోలా వస్తోంది."

తెలుగువాడు ఇక్కడ తడుముకోవడం విడ్డూరమే. చప్పుళ్లకు పేర్లు పెట్టడంలో మన భాషకు లోటేముంది? తలుపు కిర్రుమంటుంది, పలకమీద బలపం కీచుమంటుంది, పెళ్లిలో గిన్నెలు దడదడలాడతాయి. వ్యాకరణంవారు వీటికి అనుకరణ శబ్దాలని పేరు పెట్టారు. ఒక మాట రెండుసార్లు వస్తే రెండోదాన్ని ఆమ్రేడితమన్నారు. క్లాసులో ఈ పాఠం వచ్చినప్పుడు పిల్లలు ఆవలిస్తారు గాని, కారు చక్రం దగ్గరకు వచ్చేసరికి ఆ ఆమ్రేడితమే సగం రోగనిర్ణయం చేసిపెడుతుంది. 'టక్' వేరు, 'టకటక' వేరు. గోతిలో పడ్డప్పుడు ఒక్కసారి టక్‌మని ఊరుకుంటే అది చక్రాన్ని పట్టివుంచే కీళ్ల సంగతి. అరిగిన బుష్షులో, వదులైన లింకులో, బాల్ జాయింటో అయివుంటుంది. బండి కదలగానే మొదలై, వేగంతోపాటు టకటకా జోరందుకుంటే అది చక్రంతోపాటు తిరిగే వస్తువు సంగతి. లెక్క కూడా సులువే. మామూలు చిన్నకారు చక్రం ఒక్క చుట్టుకు రెండు మీటర్లకు కాస్త తక్కువ దూరం పోతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు మూడు చుట్లన్నమాట. చప్పుడూ సరిగ్గా ఆ తాళంలోనే పడుతుంటే ముందు టైరు చుట్టూ చూడండి. దిగిన మేకో, గాడిలో ఇరుక్కున్న రాయో కనిపించవచ్చు.

ఇంజను చప్పుడును చక్రానికి అంటగట్టేవారు కూడా వున్నారు. బండి నిలబెట్టి యాక్సిలరేటరు తొక్కినా వినపడేది ఇంజనుది. బండి కదిలితేనే వినపడేది చాలావరకు కిందిదే.

అన్నిటికన్నా మోసకారి బేరింగు. ఎడ్లబండి ఎరిగిన జాతికి ఇరుసు సంగతీ కందెన సంగతీ వేరే చెప్పనక్కరలేదు. పాత కార్లలో ముందు చక్రాల బేరింగులు విప్పి, కడిగి, గ్రీజు కూరేవారు. ఇప్పటి చాలా కార్లలో అవి మూసేసి వుంటాయి. పాడైతే మార్చడమే. పాడవడం మొదలైనప్పుడు తుమ్మెద రొదలా వుంటుంది. కొన్నాళ్లకు ఆ రొద పెరిగి, లోపలివారు గొంతు పెంచి మాట్లాడుకుంటారే తప్ప ఎందుకు పెంచుతున్నారో గమనించరు. మా వీధిలో ఒక పెద్దమనిషికి ఆ రొద టైర్లదని ఒక షెడ్డువారు చెప్పి నాలుగు టైర్లూ మార్పించారు. కొత్త టైర్లమీద ఆ రొద మరింత స్పష్టంగా వినిపించింది! టైరు రొదకూ బేరింగు రొదకూ తేడా తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. తారు రోడ్డుమీంచి సిమెంటు రోడ్డుమీదికి ఎక్కినప్పుడు రొద మారిపోతే అది ఎక్కువభాగం టైరుది. రోడ్డు ఏదైనా మారకుండా, మలుపులో మాత్రం హెచ్చుతగ్గులైతే బేరింగును అనుమానించాలి. ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడివైపు పడుతుంది. అంచేత ఎడమ మలుపులో రొద హెచ్చితే సాధారణంగా పాపం కుడిచక్రానిది.

మలుపులోనే వచ్చే చప్పుడు మరొకటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి, గేటులోంచి బయటికి తీస్తున్నప్పుడు టకటకటకమని లెక్కపెట్టినట్టు వినిపిస్తుంది. ఇది పాత అంబాసిడరువారు ఎరగనిది, ఎందుకంటే దాని ఇంజను నడిపేది వెనకచక్రాలను. 1983లో మారుతి 800 వచ్చింది. దానిలో ముందు చక్రాలే బండిని లాగుతాయి, ముందు చక్రాలే తిరుగుతాయి. ఈ రెండు పనులూ ఒకేసారి చేయించే కీలుకు సీవీ జాయింటని పేరు. దానిమీది రబ్బరు తొడుగు చిరిగితే గ్రీజు కారిపోయి, దుమ్ము చేరి, కీలు అరుగుతుంది. తొడుగు చిరిగిన తొలిరోజుల్లోనే చూసుకుంటే తొడుగుతో పోతుంది.

ఇక కీచుమనేది బ్రేకు. రాత్రి వాన కురిస్తే పొద్దున్న బయలుదేరగానే నాలుగైదు బ్రేకులు గరగరమంటాయి. అది డిస్కుమీది తుప్పు, దానంతటదే పోతుంది. రోజూ సన్నగా కీచుమంటూ, బ్రేకు తొక్కితే ఆ కూత మారుతుంటే, ప్యాడ్లు అరిగిపోవచ్చాయేమో చూడాలి. చాలా కార్లలో ప్యాడ్లకు చిన్న రేకుముక్క పెట్టేది ఇందుకే. ప్యాడు పల్చబడగానే అది డిస్కును తాకి అరుస్తుంది. ఆ అరుపు వినకపోతే ఇనుమూ ఇనుమూ ఒరుసుకునే బరబర మిగులుతుంది. పిల్లలూ పెద్దలూ ఎక్కిన బండితో ఘాటురోడ్డు దిగవలసింది ఆ చప్పుడుతో కాదు.

ఆ చప్పుడుతోపాటు, ఒక్క మీటరు కూడా పోనివ్వకూడని లక్షణాలు మరికొన్ని వున్నాయి: చక్రం ఊగడం, స్టీరింగు చేతిలో వదులై తేలిపోవడం, దబదబమని చక్రం తన్నుకోవడం. పూర్తిగా పాడైన బేరింగు వేడెక్కి చక్రాన్నే పోగొట్టవచ్చు. బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకు మడిచిపెట్టుకుంటుంది. పెళ్లి ముహూర్తం మించిపోతున్నా సరే, బండి పక్కకు తీసి ఆపవలసిందే.

పంటిపోటు వైద్యుడి గుమ్మం తొక్కగానే మాయమైనట్టు, ఈ చప్పుళ్లు షెడ్డుకు చేరగానే మాయమవుతాయి. అందుకని చప్పుడు వచ్చిననాడే చీటీమీద రాసి పెట్టుకోవాలి: ఏ పక్క, ఎంత వేగంలో, నేరుగానా మలుపులోనా, బ్రేకు తొక్కితే పెరిగిందా తగ్గిందా. "బేరింగు మార్చు" అని మనం చెప్పకూడదు, చెబితే మార్చేస్తాడు. చీటీ చదివి వినిపించి, పక్కన కూర్చుని, అతన్నే నడపమనండి. జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూపించమనండి. గడియారంలో పన్నెండూ ఆరూ వుండే చోట్లన్నమాట. అక్కడ కదలిక వుంటే బేరింగో బాల్ జాయింటో. మూడూ తొమ్మిదీ దగ్గర పట్టుకుంటే కదిలేది స్టీరింగు కీలు కావచ్చు.

చక్రం విప్పి బిగించినచోటల్లా 50, 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి బిగించి చూసుకోవాలి. నిన్నలేని చప్పుడు ఇవాళ వస్తోందంటే, నిన్న పంక్చరు వేయించామా అని ఇంట్లో అందరినీ అడగండి. ఒక్కోసారి ఆ జవాబు కూడా వెనకసీట్లోంచే వస్తుంది.