గిలాబుకు నీళ్ళు పట్టనిదే గోడ నిలవదు

కొత్త ఇల్లు గిలాబు దాకా వచ్చేసరికి ఇంటివారి చేతిలో డబ్బూ, ఓపికా రెండూ అడుగంటుతాయి. వరంగల్ జిల్లా పల్లెల్లో ఇందిరమ్మ ఇళ్ళు కట్టుకుంటున్న వారి పరిస్థితి కూడా ఇదే. 2024 మార్చిలో ప్రారంభమైన ఈ పథకం కింద ఇంటికి 5 లక్షల రూపాయలు విడతలవారీగా ఇస్తారు. చివరి విడత ఇల్లు పూర్తయ్యాకే చేతికందుతుంది. కనుక లోపలి గిలాబును పేదవాడు అప్పో సప్పో చేసి ముగించవలసి వస్తుంది. ఒకపక్క గృహప్రవేశం ముహూర్తం, ఇంకోపక్క బిల్లు ఆరాటం. ఈ తొందరకు బలయ్యేది గోడే.

సిమెంటు ఎండితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీటిని పట్టుకునే గట్టిపడుతుంది. నీరందక ముందే ఆరిపోతే సిమెంటు సత్తువ అక్కడితో ఆగిపోతుంది. అటువంటి గోడకు మేకు కొడితే పొడి రాలుతుంది, వేలితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. తర్వాత ఎంత ఖరీదైన రంగు వేసినా ఆ లోపం మానదు.

మట్టి గోడల కాలంలో ఈ బెడద లేదు. గోడ పెచ్చులూడితే ఇంటి ఆడవారే మట్టి మెత్తి, జాజు పూసి, సున్నం వేసేవారు. పండుగ పండుగకూ గోడ కొత్తదయ్యేది. డంగు సున్నం వాడినవారు గానుగలో రోజుల తరబడి నూరి, ఆరేదాకా ఆగేవారు. సిమెంటు వచ్చాక పని వేగం పెరిగింది, కానీ తప్పును దిద్దుకునే వీలు తగ్గింది. ఒకసారి చెడిన గిలాబును చెక్కి మళ్ళీ చేయవలసిందే. ఆ ఖర్చు భరించేది ఇంటి యజమాని ఒక్కడే.

తప్పంతా సుతారి మేస్త్రీల మీదికి నెట్టడం న్యాయం కాదు. చదరపు అడుగుకు ఇంతని గుత్త మాట్లాడుకున్నాక, ఎంత ఎక్కువ గోడ మెత్తితే మేస్త్రీకి అంత కూలి. ఆయన పని సాయంత్రానికి ముగుస్తుంది. మర్నాటి నుంచి గోడను తడిపే బాధ్యత ఎవరిదో గుత్తలో ఉండదు. చివరకు అది బిందెలతో నీళ్ళు మోసే ఇల్లాలి మీద పడుతుంది. బోరు వట్టిపోయిన వేసవిలో ఆమె మాత్రం ఏం చేయగలదు?

కనుక గుత్త మాట్లాడేనాడే నాలుగు సంగతులు తేల్చుకోవాలి. కరెంటు పైపులు, స్విచ్చి పెట్టెలు గిలాబుకు ముందే గోడలో కూర్చోవాలి. తర్వాత గోడ కోస్తే అతుకు దగ్గర పగులుతుంది. లోపలి గోడలకు ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళ జల్లించిన ఇసుక చాలు. బస్తా సిమెంటుకు ఏడున్నర ఘనపుటడుగుల ఇసుక అన్నమాట. తట్టల లెక్క నమ్మక పెట్టెతో కొలవాలి. నీళ్ళు కలిపిన మాలును అరగంటలో వాడేయాలి. పొద్దున కలిపిన కుప్పకు మధ్యాహ్నం మళ్ళీ నీళ్ళు పోసి వాడితే సిమెంటు దండగే.

ఇక ముఖ్యమైనది తడి. మెత్తే ముందు గోడను తడపాలి. మెత్తిన మర్నాటి నుంచి కనీసం ఏడు రోజులు, ఎండలు ముదిరితే పది రోజులు, గోడ ఆరకుండా చూడాలి. వేసవిలో వరంగల్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో పూటకొకసారి తడిపితే చాలదు. నీళ్ళ డ్రమ్ము, పైపు ముందే సిద్ధం చేసుకోనివారు గిలాబు మొదలుపెట్టకపోవడమే మేలు. తడపడం అయ్యాక గోడ పూర్తిగా ఆరేదాకా వెల్ల వేసుకుని ఉండవచ్చు. చెమ్మ గోడకు రంగు వేస్తే పొరలు పొరలుగా లేచిపోతుంది.

గృహనిర్మాణ శాఖ ఇంజనీర్లు పునాది, గోడలు, స్లాబు చూసి బిల్లు రాస్తారు. అదే చేత్తో గిలాబును కూడా తట్టి చూడాలి. మండలాల్లో కట్టిన నమూనా ఇళ్ళలో ఒక గోడను సగం గిలాబుతో వదిలిపెట్టి, పైపు ఎక్కడ రావాలో, పొర మందం ఎంతుండాలో లబ్ధిదారులకూ మేస్త్రీలకూ చూపితే పెద్దగా ఖర్చు కాదు. పంచాయతీలు కూడా ఆ పది రోజులు కొత్త ఇళ్ళకు ట్యాంకరు నీళ్ళు పంపగలిగితే అంతకు మించిన సాయం లేదు.

ముహూర్తం కావాలంటే మరొకటి దొరుకుతుంది. పది రోజులు ఆగి గోడకు నీళ్ళు పట్టిన కుటుంబం, మళ్ళీ అప్పు చేసి అదే గోడను చెక్కించుకునే అవస్థ నుంచి బయటపడుతుంది.