గోడ దాటని భద్రత

భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో దశాబ్దాల తరబడి పడివున్న 337 టన్నుల విషవ్యర్థాలు 2025 జూన్ నెలాఖరుకు ఇండోర్ సమీపంలోని పీథంపూర్‌లో దహనమయ్యాయి. 2024 డిసెంబరులో మధ్యప్రదేశ్ హైకోర్టు గట్టిగా మందలిస్తేగాని ప్రభుత్వ యంత్రాంగంలో చలనం రాలేదు. వెలువడిన వాయువులు నిర్ణీత పరిమితులకు లోబడే ఉన్నాయని అధికారులు ప్రకటించారు. అయితే అంతటితో సమస్య సమసిపోయిందనుకోవడం పొరపాటు.

వ్యర్థాలతో 12 కంటెయినర్లు 2025 జనవరి 2న పీథంపూర్ చేరుకున్న మర్నాడే ఆ పట్టణం భగ్గుమంది. నిరసనకారులు ఇద్దరు ఒంటికి నిప్పంటించుకున్నారు. అప్పుడుగాని ప్రజలకు నచ్చజెప్పవలసిన అవసరం ప్రభుత్వానికి గుర్తురాలేదు. హైకోర్టు ఆరు వారాల గడువు ఇచ్చింది. సరకు ఊరిలోకి వచ్చాక సమాచారం ఇవ్వబూనడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆ ప్రజల భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడానికి వీలులేదు. అది భోపాల్ నేర్పిన భయం.

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి విషవాయువు బస్తీలను కమ్ముకున్నప్పుడు, ముఖానికి తడిగుడ్డ కట్టుకోవాలని, గాలి వీచే దిశకు అడ్డంగా తప్పుకోవాలని చెప్పిన నాథుడు లేడు. ఏ వాయువు పీల్చి రోగులు వస్తున్నారో వైద్యులకే తెలియలేదు. వాయువుతోపాటు ఆ అజ్ఞాతం కూడా ప్రాణాలు తీసింది.

ఆ దుర్ఘటన దరిమిలా చట్టాలకు కొదువ లేకుండా పోయింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు, 1996లో రసాయన ప్రమాదాల నిబంధనలు వచ్చాయి. కర్మాగారం లోపల యాజమాన్యం, వెలుపల జిల్లా యంత్రాంగం అత్యవసర ప్రణాళికలు సిద్ధం చేయాలి. వాటిని క్రమం తప్పక సాధన చేయాలి. ప్రమాదానికి గురికాగలవారికి ముందుగానే సమాచారం ఇవ్వాలి. ఇదంతా చట్టంలో ఉన్నదే. ఆచరణలో ఏం జరిగిందో తెలుసుకోవడానికి భోపాల్ దాకా వెళ్లనవసరం లేదు. 2020 మే 7న విశాఖలోని ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. కర్మాగారంలో 36 చోట్ల సైరన్ మోగించే ఏర్పాటు ఉన్నా, దానిని ఉపయోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘమే తేల్చింది. పరికరానికి లోటు లేదు. దానిని మోగించే అలవాటే లేదు.

వ్యర్థాల శుద్ధి కేంద్రాల విషయంలో ఈ అలవాటు మరింత అవసరం. సాధారణ కర్మాగారానికి తాను వాడే ముడిసరకేమిటో తెలుసు. శుద్ధి కేంద్రానికి మాత్రం అనేక పరిశ్రమల నుంచి రకరకాల పీపాలు వచ్చి చేరతాయి. పీపాపై చీటీ తప్పయితే పర్యవసానం ఘోరంగా ఉంటుంది. సైనైడ్ కలిసిన వ్యర్థానికి ఆమ్లం తగిలితే ప్రాణాంతక వాయువు పుడుతుంది. కొన్ని రసాయనాలపై నీళ్లు చల్లితే మంట ఆరకపోగా పెచ్చుమీరుతుంది. ఏ గోదాములో ఏముందో అగ్నిమాపక దళానికి ముందే తెలియకపోతే, ఆదుకోవడానికి వచ్చినవారే ఆహుతి కావచ్చు.

దహనంతో బాధ్యత తీరిపోదు కూడా. ఆమ్లవాయువులను అణచడానికి వాడే సున్నం తదితరాల కారణంగా పీథంపూర్‌లో మిగిలిన బూడిద, అవశేషాలు 800 టన్నులు దాటాయి. వాటిని ఎక్కడ పూడ్చాలన్న వివాదమూ న్యాయస్థానానికి ఎక్కింది. పూడ్చిన చోట అడుగుపొర చిరిగితే విషం భూగర్భజలాల్లోకి ఇంకుతుంది. దానికి సైరన్ ఉండదు. దశాబ్దాల తరబడి బావినీటిని పరీక్షించడమే అక్కడ హెచ్చరిక.

దుండిగల్, పరవాడల్లోనూ ఇటువంటి కేంద్రాలు ఉన్నందున ఇది మనకూ వర్తించే పాఠం. చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. ఏడాదికొకసారైనా ఊరి ప్రజలను కలుపుకొని రక్షణ కసరత్తు నిర్వహించాలి. ఏ సైరన్‌కు ఏమిటి అర్థమో పాఠశాలల్లో, పంచాయతీ కార్యాలయాల్లో స్థానిక భాషలో రాసిపెట్టాలి. నిల్వల జాబితా అగ్నిమాపక దళానికి, చేయవలసిన చికిత్స వివరాలు సమీప ఆసుపత్రికి ఎప్పటికప్పుడు అందాలి. గాలి, నీటి పరీక్షల ఫలితాలను బహిరంగంగా ప్రదర్శించాలి.

వీటికయ్యే వ్యయం స్వల్పం. కానీ ప్రజలకు నిజం చెబితే ఆందోళన చెలరేగుతుందన్న అధికారుల సంకోచమే అసలు అడ్డంకి. నిజం దాచినందువల్లనే ఆందోళన చెలరేగుతుందని పీథంపూర్ రుజువు చేసింది. దస్త్రాల్లో భద్రంగా ఉన్న ప్రణాళిక అధికారులను కాపాడవచ్చునేమో గాని, గోడ అవతల నిద్రిస్తున్న మనుషులను కాపాడజాలదు.