ఏటికొప్పాక బొమ్మకు కీర్తి దక్కింది, ఆర్డరు దక్కాలి

ఏటికొప్పాక: వరాహ నది ఒడ్డున ఉన్న ఈ గ్రామం పేరు గత కొద్ది సంవత్సరాలలో ఢిల్లీ దాకా వినిపించింది. ఇక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో వీటిని ప్రస్తావించారు. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ప్రకటించారు. 2025 రిపబ్లిక్ దినోత్సవ కవాతులో ఏటికొప్పాక బొమ్మల శకటం రాష్ట్రాల విభాగంలో మూడవ స్థానం పొందింది.

పేరు వచ్చింది, సంతోషమే. కాని తరిణి పట్టే పనివానికి కావలసినది ఏడాది పొడుగునా పని. పెళ్ళిళ్ళు, పండుగలు, ప్రదర్శనలు ఉన్నప్పుడు సాగిన అమ్మకం తక్కిన రోజులలో సాగదు. అన్ని కాలాలలోనూ సరుకు కొనగల పెద్ద బేరగాడు ప్రభుత్వమే. సభలలో ఇచ్చే జ్ఞాపికలు, అతిథులకు కానుకలు, అంగన్‌వాడీ పిల్లల ఆటవస్తువులు ఏటా కొనవలసినవే. అయితే వీటిలో చిన్న పనివారికి వాటా దక్కటం బొమ్మ నాణ్యత మీద కంటె టెండరు షరతుల మీదనే ఎక్కువగా ఆధారపడి ఉన్నది.

కాగితం మీద ఉన్న హక్కు

కేంద్ర ప్రభుత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ ఏటి కొనుగోళ్ళలో కొంత భాగం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలన్న ఉత్తరువు 2012 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. మొదట 20 శాతంగా ఉన్న ఈ వాటాను తరువాత 25 శాతానికి పెంచారు. అందులో 4 శాతం షెడ్యూల్డు కులాలు, తెగల వారి సంస్థలకు, 3 శాతం మహిళల సంస్థలకు కేటాయించారు.

ఈ ఉత్తరువు ప్రకారం చిన్న తయారీదారులకు టెండరు ఫారాలు ఉచితం. ధరావతు కట్టనక్కర లేదు. ధర విషయంలోనూ వెసులుబాటు ఉన్నది. ఒక పెద్ద కంపెనీ వస్తువుకు వంద రూపాయలు అతి తక్కువ ధరగా కోట్ చేసిందనుకుందాం. చిన్న తయారీదారు 115 రూపాయల లోపు కోట్ చేసి, వంద రూపాయలకే ఇవ్వటానికి ఒప్పుకుంటే, ఆర్డరులో 25 శాతం వరకు అతనికి ఇవ్వాలి. ఈ సౌకర్యం సొంతంగా తయారు చేసేవారికే గాని, కొని అమ్మే వ్యాపారులకు వర్తించదు.

ఇందుకు ‘ఉద్యం’ రిజిస్ట్రేషను ఉండాలి. 2020 జూలై నుంచి నడుస్తున్న ఈ రిజిస్ట్రేషనుకు రుసుము లేదు. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వనక్కర లేదు. ప్రభుత్వ కార్యాలయాలు సరుకు కొనే ‘జెమ్’ అనే ఆన్‌లైన్ అంగడిలో కూడా పేరు నమోదు చేయించుకోవాలి. మన జిల్లాలోనే పరవాడ వద్ద ఎన్.టి.పి.సి. సింహాద్రి కేంద్రం ఉన్నది. విశాఖలో ఉక్కు కర్మాగారం, నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం ఉన్నాయి. ఈ సంస్థలన్నీ పై ఉత్తరువు పరిధిలోనివే.

అంగన్‌వాడీ బొమ్మల మాట

అసలు పెద్ద అవకాశం అంగన్‌వాడీలలో ఉన్నది. రాష్ట్రంలో 55 వేలకు పైగా కేంద్రాలు ఉన్నాయి. ఆటల ద్వారా చదువు నేర్పాలని, దేశీయ బొమ్మలు వాడాలని 2023లో ప్రారంభించిన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం చెబుతున్నది. కేంద్రానికి పది బొమ్మల చొప్పున లెక్క వేసినా అయిదున్నర లక్షల బొమ్మలు అవసరమవుతాయి.

అయితే ఇక్కడ మూడు చిక్కులు ఉన్నాయి. మొదటిది, అంగన్‌వాడీలను నడిపేది రాష్ట్ర శాఖ. కేంద్రం ఉత్తరువు దానికి దానంతటదే వర్తించదు. రెండవది, రాష్ట్రమంతటికీ ఒకే టెండరు పిలిచి, కోట్ల రూపాయల వార్షిక వ్యాపారం ఉండాలని షరతు పెడితే, అంకుడు కర్ర చెక్కే పనివాడు గుమ్మం దాటి లోపలికి రాలేడు. జిల్లాకు ఒక టెండరు పిలిచి, సరుకు విడతలుగా ఇచ్చే వీలు కల్పిస్తే చిన్నవారు నిలబడగలరు. తిరిగే కర్ర వేడికి లక్క కరిగించి, అద్ది, మెరుగు పెట్టే పని ఇది. వేల బొమ్మలు నెలలోగా కావాలంటే జరిగేది కాదు.

మూడవది ఐ.ఎస్.ఐ. ముద్ర. 2021 జనవరి నుంచి పిల్లల బొమ్మలకు ఈ ముద్ర తప్పనిసరి అయింది. కాని హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ వద్ద నమోదైన కళాకారులకు, భౌగోళిక గుర్తింపు హక్కుదారులకు, అధికృత వినియోగదారులకు 2020 డిసెంబరులోనే మినహాయింపు ఇచ్చారు. ఈ సంగతి టెండరు ఫారంలో వ్రాయకపోతే మినహాయింపు ఉండి కూడా ఫలం ఉండదు. అలాగే ‘చెక్క బొమ్మలు’ అని మాత్రమే వ్రాస్తే, యంత్రం మీద చేసి రసాయన రంగు పూసిన చవక సరుకు గెలుస్తుంది. లక్క పూత, సహజ రంగులు, పసిపిల్లలు మింగే చిన్న ముక్కలు లేని నమూనా అని స్పష్టంగా వ్రాయాలి.

బిల్లు చేతికి వచ్చే దాకా

ఆర్డరు దక్కినంత మాత్రాన కష్టం తీరదు. టెండరు ధరావతుకు మాఫీ ఉన్నదే గాని, ఆర్డరు వచ్చాక అడిగే పూచీ సొమ్ముకు మాఫీ లేదు. కర్రకు, లక్కకు, కూలికి ముందే పెట్టుబడి కావాలి. బిల్లు ఆలస్యమైతే అప్పు మీద వడ్డీ లాభాన్ని తినివేస్తుంది. 2006 నాటి చట్టం ప్రకారం చిన్న సరఫరాదారుకు 45 రోజులు దాటకుండా సొమ్ము చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ కట్టాలి. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. అందుకు సరుకు అందినట్లు రశీదు దగ్గర ఉండాలి. నోటి మాట మీద సరుకు పంపరాదు.

కర్ర సంగతీ మరువరాదు. అంకుడు చెట్లు తరిగిపోతుండగా పెద్ద ఆర్డర్లు వస్తే కర్ర కొరత మరింత పెరుగుతుంది. చెట్ల పెంపకం కొనుగోళ్ళతో పాటే సాగాలి.

ఒక్కరి వల్ల కాదు

పది ఇళ్ళు విడివిడిగా పెద్ద ఆర్డరు తీసుకోలేవు. సంఘంగా ఏర్పడితే తీసుకోగలవు. సహకార పద్ధతిలో చక్కెర కర్మాగారాన్ని 1933లోనే పెట్టుకున్న ఊరు ఇది. ఆ కర్మాగారం తరువాత కష్టాల పాలయినా, కలిసి పని చేయటం ఈ ఊరికి కొత్త కాదు. అయితే లెక్కలు అందరికీ తెలిసేలా ఉండాలి. ఒకరి పేరు మీద ఆర్డరు వచ్చి, చేసేవారికి కూలి మాత్రమే మిగిలితే దళారి మారినట్లు అవుతుంది గాని పనివాని బ్రతుకు మారదు.

జిల్లా పరిశ్రమల కేంద్రం అధికారులు గ్రామానికి వచ్చి, ఒకే రోజున రిజిస్ట్రేషన్లు, కళాకారుల గుర్తింపు కార్డులు, జెమ్ నమోదు చూసిపెడితే సగం పని అవుతుంది. తక్కిన సగం టెండరు వ్రాసే వారి చేతిలో ఉన్నది. ఢిల్లీ కవాతులో శకటం ఎక్కిన బొమ్మ పక్క వీధి అంగన్‌వాడీలో కూడా కనిపించాలి.